సరళ సమీకరణమునకు ప్రామాణిక రూపము

ఇంటిలో పిల్లవానికి ఒడలు వెచ్చనైనపుడు నాలుక క్రింద నుంచెడి జ్వరమాపకములోని పాదరసము 98.6 అను గుర్తును దాటినదా లేదా యని పెద్దలు ఆతురతతో చూచుటయు, అదే దేహోష్ణమును వైద్యగ్రంథములు 37 అని చెప్పుటయు మనము ఎఱిగినదే. మొదటిది ఫారన్‌హీటు మానము. రెండవది సెంటీగ్రేడు మానము. ఒకదానినుండి మఱియొకదానికి పోవుటకు బడిలో నేర్పెడి సూత్రము, సెంటీగ్రేడు అంకెను 9 చేత గుణించి, 5 చేత భాగించి, వచ్చిన దానికి 32 కలుపుమనును. అనగా ఫా = (9/5) సె + 32. ఈ సూత్రము ఉపయోగకరమే. కాని యిందు రెండు మానములకును సమానమైన గౌరవము లేదు. సెంటీగ్రేడు అంకెను మొదట చెప్పినగాని యిది నోరు విప్పదు. ఫారన్‌హీటు అంకెను చేతబట్టుకొని వచ్చినవాడు సూత్రమునంతటిని తలక్రిందులు చేసికొనవలసినదే.

ఇపుడు రెండు పక్షములను 5 చేత గుణించి, తెలియని రాశులను రెండింటిని ఒక ప్రక్కకు చేర్చి, అంకెను వేఱొక ప్రక్క నిలిపినచో, అదే సంబంధము 5 ఫా − 9 సె = 160 అను ఆకృతిని దాల్చును. భిన్నము పోయినది, ఒకటి మఱియొకదానికి లోబడియుండుట పోయినది. అంతకంటె విశేషమేమనగా, ఇంతవఱకు కంటబడని యొక సంగతి తనంతట బయటపడినది. రెండు మానములలోను అంకెలు పూర్ణసంఖ్యలే కావలయునన్నచో, 5 ఫా, 160 రెండును 5 చేత నిశ్శేషముగా భాగింపబడునవి గనుక, 9 సె కూడ అట్లే భాగింపబడవలయును. 9 కిని 5 కిని సామాన్యభాజకము లేదు గనుక సెంటీగ్రేడు అంకెయే 5 యొక్క గుణిజము కావలయును. 35 డిగ్రీలకు 95, 40 డిగ్రీలకు 104. వీని నడుమ రెండు మానములును పూర్ణసంఖ్యలలో కలిసికొను తావు ఒక్కటియు లేదు. ఆరోగ్యవంతుని దేహోష్ణము 37 అయినపుడు ఫారన్‌హీటు మానమున ఆ దశాంశబిందువు ఎందుకు తప్పదో యిపుడు తెలిసినది. రెండు అంకెలును ఒకటే యగు తావు ఏదియని యడిగినచో, 5 నుండి 9 తీసివేయగా ఋణ 4 మిగులును. 160 ని దానిచే భాగింపగా ఋణ 40 వచ్చును. ఈ రెండు ప్రశ్నలకును మొదటి సూత్రమునందును ఉత్తరము కలదు గాని, అది మూట కట్టియున్నది.

ఈ విధముగా అవ్యక్తరాశులను ఒక పక్షమున క్రమముగా నిలిపి, వ్యక్తమైన సంఖ్యను వేఱొక పక్షమున నుంచి వ్రాయుటకే ప్రామాణిక రూపమని పేరు. అవ్యక్తములను నేనిచ్చట యా, కా అను అక్షరములచే సూచించెదను. ఇవి నా కల్పన గావు. మన పూర్వ గణితవేత్తలు మొదటి అవ్యక్తమును యావత్తావత్ అనియు, తరువాతి వానిని కాలకము, నీలకము, పీతకము అని వర్ణములపేర్లతోను వ్యవహరించి, ఆ పేర్ల తొలి యక్షరములనే గుర్తులుగా వాడిరి. కావున ప్రామాణిక రూపము అ యా + ఇ కా = ఉ అని యగును; ఇందు అ, ఇ, ఉ లు తెలిసిన సంఖ్యలు; అ, ఇ లు రెండును ఒక్కమాఱే సున్న కారాదు. మన పాఠ్యపుస్తకములలో అంకెను గూడ ఎడమకు తెచ్చి, కుడిప్రక్క సున్నను మాత్రమే మిగుల్చు అలవాటు కలదు. రెండును ఒకే యింటికి రెండు వాకిళ్ళు. ఒక బిందువు రేఖకు ఏ వైపున నున్నదో తెలిసికొనవలసినచో సున్న మిగిలిన రూపము సుకరము. ఏలన, బిందువుయొక్క నిరూపకములను ఎడమ పక్షమున ప్రతిక్షేపింపగా వచ్చిన ఫలము ధనమో ఋణమో చూచిన చాలును. పెక్కు సమీకరణములను ఒక్కచో చేర్చి సాధింపవలసినపుడు అంకె కుడివైపుననున్న రూపమే నాకు మేలని తోచును.

మార్పు చేయు విధానమును ఒక ఉదాహరణమున చూతము. కా = (2/3) యా − 5/4 అని యున్నదనుకొందము. హారములు 3, 4. వీని కనిష్ఠ సామాన్య గుణిజము 12. రెండు పక్షములయందలి ప్రతి పదమును 12 చేత గుణింపగా 12 కా = 8 యా − 15 అగును. పిల్లలు తఱచుగా తప్పటడుగు వేయు తావు ఇదియే: భిన్నముగల పదములను మాత్రమే గుణించి, భిన్నము లేని పదమును మఱచిపోవుదురు; ఇందు ఎడమవైపు కా ఒంటరిగా నిలిచియుండుటచేత దానిని గుణింపకయే విడిచివేయుదురు. త్రాసుయొక్క ఒక తట్టలోని సరకును పండ్రెండింతలు చేసి, రెండవ తట్టను అట్లే విడిచిన ముల్లు నిలుచునా? తరువాత 12 కా ను రెండు పక్షములనుండి తీసివేసి, 15 ను రెండు పక్షములకు కలుపగా 8 యా − 12 కా = 15 సిద్ధించును. పదము ఈవలినుండి ఆవలికి పోవునపుడు గుర్తు మాఱునని చెప్పెడి పక్షాంతరణ న్యాయము దీనికి సంక్షేపము మాత్రమే. ఏదియు ఎచ్చటికిని పోవుటలేదు. రెండు తట్టలయందును ఒకే పని జరుగుచున్నది. ఈ మాట మొదటనే చెప్పక, పదము గీత దాటగానే గుర్తు మార్చుమని మాత్రము నేర్పుటవలన ఎందఱో బాలురకు బీజగణితము మంత్రతంత్రముగా తోచి, ఆ విముఖత జీవితాంతము నిలిచిపోవుచున్నది. అందుకు నేను చింతించుచున్నాను.

ఈ రూపము ఎల్ల కాలమును ఎల్లరకు సులభముగా లభించినది కాదు. 9వ శతాబ్ది ఆరంభమున బాగ్దాదు నగరమున గ్రంథరచన చేసిన అల్ ఖ్వారిజ్మీ పండితుడు, తీసివేతలోనున్న పదమును ఎదుటి పక్షమునకు కలిపి లోటు పూడ్చుటను అల్ జబ్ర్ అనియు, రెండు ప్రక్కలనున్న సజాతీయ పదములను ఎదురెదురుగా కొట్టివేయుటను అల్ ముకాబలా అనియు చెప్పెను. ఆల్జీబ్రా అను నేటి పేరు ఆ మొదటి మాటనుండి పుట్టినదే. కాని ఋణరాశిని స్వతంత్రరాశిగా ఆయన అంగీకరింపలేదు. కావున ఏ పదమును తీసివేతలో మిగులకుండ చేయవలసివచ్చి, వర్గము వఱకు గల సమీకరణములను ఆఱు తెగలుగా విభజింపవలసివచ్చెను. మూలములు సంఖ్యకు సమానమైనది ఒక తెగ, వర్గములును మూలములును కలిసి సంఖ్యకు సమానమైనది వేఱొక తెగ, వర్గములును సంఖ్యయు కలిసి మూలములకు సమానమైనది మఱియొక తెగ, ఇట్లు. ఆఱింటికిని ఒకే అచ్చు సరిపోవలెనన్న ఋణసంఖ్యకును సున్నకును సంఖ్యలలో పీట వేయవలయును.

ఆ పీటను వేసినవాడు బ్రహ్మగుప్తుడు. 628 వ సంవత్సరమున రచింపబడిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతమున ఆయన ధనమునకు, ఋణమునకు, శూన్యమునకు సంకలన వ్యవకలన గుణకార నియమములను విధించెను. దాని ఫలము ఆ గ్రంథమునకు 860 ప్రాంతమున వ్యాఖ్య రచించిన పృథూదకస్వామి లేఖనమున స్పష్టముగా కానవచ్చును. సమత్వమునకు అప్పటికి గుర్తు లేదు; నేడు మనము వాడు జంట గీతలను రాబర్టు రికార్డు అను వేల్సు దేశీయుడు 1557 లో ప్రవేశపెట్టెను. పృథూదకుడు రెండు పక్షములను ఒకదానిక్రింద ఒకటిగా వ్రాసెను. పది యా లనుండి ఎనిమిదిని తీసివేసినది, యా వర్గమునకు ఒకటి కలిపిన దానితో సమానమని చెప్పవలసివచ్చినపుడు, ఆయన పై వరుసలో యావ 0, యా 10, రూ 8 అనియు, క్రింది వరుసలో యావ 1, యా 0, రూ 1 అనియు వ్రాసెను. యావ యనగా యా యొక్క వర్గము. రూ యనగా రూపము, అనగా తెలిసిన సంఖ్య. ఋణమైన 8 నెత్తిన ఒక చుక్క. ఈ సమీకరణము సరళము గాదు, వర్గసమీకరణము. అయినను నేను దీనిని ఇచ్చట చెప్పుటకు కారణము ఆ సున్నలు. పై పక్షమున వర్గము లేదు. లేనిదానిని విడిచిపెట్టక, లేదు అను మాటకు గుర్తుగా సున్నను దాని స్థానమున నిలిపినాడు. ఎవరి స్థానము వారికి ఏర్పడియున్నందున, నిలువున కన్ను సారించినంతనే సజాతీయములు ఒకదానిక్రింద ఒకటి కానవచ్చును. ప్రామాణిక రూపముయొక్క ప్రాణమంతయు ఆ సున్నలలో నున్నదని నా విశ్వాసము.

భాస్కరాచార్యుని బీజగణితమునందలి గుఱ్ఱముల లెక్క ఈ పద్ధతికి ప్రసిద్ధమైన నిదర్శనము. ఒకనియొద్ద 300 రూపములును 6 గుఱ్ఱములును కలవు, వేఱొకనికి 10 గుఱ్ఱములు కలవు గాని 100 రూపముల అప్పు కలదు, ఇద్దఱి కలిమియు సమానము, గుఱ్ఱముల వెల అన్నింటికిని ఒకటే, అది యెంత? పై వరుస యా 6, రూ 300. క్రింది వరుస యా 10, రూ 100, నెత్తిన చుక్క. సమశోధనము చేసి, అవ్యక్తములను ఒక ప్రక్కకు, రూపములను ఒక ప్రక్కకు తీయగా 4 యా = 400; గుఱ్ఱము వెల 100; ఇద్దఱి సంపదయు తొమ్మిదేసి వందలు. అప్పునుగూడ ఆస్తులతోపాటు అదే వరుసలో నిలిపి, చుక్క యొక్కటి పెట్టి, కలిమికిని లేమికిని ఒకే లెక్క వ్రాయగలిగిన ఆ నిర్వికారదృష్టిని తలచినపుడెల్ల నాకు ఆనందము కలుగును.

అవ్యక్తములు రెండైనపుడు సమీకరణమునకు ఒక్క ఉత్తరము గాక అనంతముగా ఉత్తరములు కలుగును. వానినన్నిటిని గళ్ళ కాగితముపై బిందువులుగా గుర్తించినచో అవి యన్నియు ఒక సరళరేఖపై నిలుచును. అవ్యక్తములు రెండును మొదటి ఘాతమునందే యున్నచో లభించు పథము సరళరేఖయే యని ఫ్రెంచి దేశీయుడైన ఫెర్మా 1636 ప్రాంతమున ప్రతిపాదించెను. మఱుసటి సంవత్సరమున డెకార్టు జ్యామితి గ్రంథము వెలువడెను. అప్పటినుండి ఈ సమీకరణమునకు రేఖీయమను పేరు సార్థకమైనది. మనము సమీకరణముయొక్క రూపమును ఎన్ని విధముల మార్చినను కాగితముమీది రేఖ వెండ్రుకవాసియైనను కదలదు. కదలినచో మార్పు తప్పుగా చేసితిమని యర్థము.

కా = మ యా + చ అను వాలు రూపము రేఖ ఎంత నిటారుగా లేచుచున్నదో వెంటనే చెప్పును; అది దాని గుణము. కాని నిట్టనిలువుగా నిలిచిన రేఖ దానికి చిక్కదు. నిలువు రేఖకు వాలు అను సంఖ్యయే లేదు. ప్రామాణిక రూపమున నిలువు రేఖ 1 యా + 0 కా = 4 అని నిస్సంకోచముగా వచ్చి కూర్చుండును. పృథూదకుని సున్న మరల వచ్చినది. 3 యా + 4 కా = 24 అను రేఖను గీయవలెనన్న ఎట్టి ప్రయాసయు లేదు: కా సున్నయైనచో యా 8, యా సున్నయైనచో కా 6; ఆ రెండు తావులకు బద్ద నుంచి గీత గీయుటయే. మూలబిందువునుండి ఆ రేఖకు గల లంబదూరము, 24 ను 3, 4 ల వర్గముల మొత్తముయొక్క వర్గమూలమగు 5 చేత భాగింపగా వచ్చిన 4.8.

ఒక చిక్కు కలదు. 8 యా − 12 కా = 15 అన్నను, 16 యా − 24 కా = 30 అన్నను రేఖ యొకటియే. ఒకే రేఖకు లెక్కలేనన్ని వేషములుండుట వ్యవహారమున ఇబ్బంది కావున, గుణకములు పూర్ణసంఖ్యలై, సామాన్యభాజకము లేనివై, మొదటిది ధనమై యుండవలెనని యొక కట్టుబాటు ఏర్పడినది. ఇది లోకవ్యవహారమేగాని ప్రకృతినియమము గాదు; 2 యొక్క వర్గమూలము గుణకముగాగల కా = √2 యా వంటి రేఖ ఈ కట్టుబాటునకు ఎన్నటికిని లొంగదు. మఱియు గుణించునది సున్న గాని సంఖ్యయై యుండవలయుననుట మఱువరాదు. కా/యా = 2 అను దానిని యా చేత గుణించి 2 యా − కా = 0 అని వ్రాసినచో, మొదట లేని మూలబిందువు రేఖపైకి వచ్చి చేరును; ఏలన మొదటి రూపమున యా సున్న కారాదు. అవ్యక్తముచే గుణించువాడు తాను సున్నచే గుణించుచున్నాడేమో యని ఒక్క క్షణము ఆగి చూచుకొనవలయును.

ఇపుడు 8 యా − 12 కా = 15 వద్దకు మరల వత్తము. యా, కా లు పూర్ణసంఖ్యలైనచో ఎడమ పక్షము 4 చేత నిశ్శేషముగా భాగింపబడును. కుడిప్రక్క 15 అట్లు కాదు. కావున ఈ రేఖను గళ్ళ కాగితముమీద ఎంత దూరము పొడిగించినను, గళ్ళ గీతలు కలిసికొను ఏ కూడలిమీదుగను ఒక్కమాఱైనను పోదు. 2/3, 5/4 అను భిన్నములను ఎంతసేపు చూచినను ఈ సంగతి తోచునా? 499 లో ఆర్యభటుడు సూత్రించిన కుట్టకవిధి పూర్ణసంఖ్యలలో ఉత్తరములను వెదకు విధియే. పెద్ద సంఖ్యలను ఒకదానితో ఒకటి భాగించుచు చిన్నవిగా దంచివేయుటచే దానికా పేరు. భాస్కరాచార్యుడు ఆ విధిని వివరించునపుడు, మొదట భాజ్యమును, హారమును, క్షేపమును సామాన్యభాజకముచే కుదింపుమని చెప్పి, భాజ్యహారములను భాగించునది క్షేపమును భాగింపనిచో ఆ ప్రశ్న దుష్టమని నిర్ణయించెను. ప్రశ్నయే దుష్టమట! సాధించువానిది దోషము గాదు. మన 8, 12, 15 లు అట్టి ప్రశ్న.

ప్రామాణిక రూపము అత్యంతోపకారి యగునది సమీకరణములు గుంపుగా వచ్చినపుడు. చీనా దేశమున తొమ్మిది అధ్యాయములని పేరొందిన ప్రాచీన గణితగ్రంథమునకు 263 లో ల్యూ హ్వే వ్యాఖ్య రచించెను. దాని యెనిమిదవ అధ్యాయముయొక్క మొదటి లెక్కలో ఉత్తమ, మధ్యమ, అధమ ధాన్యపు పనలు వచ్చును. ఉత్తమము 3, మధ్యమము 2, అధమము 1 కలిసి 39 కొలతలు. వరుసగా 2, 3, 1 కలిసి 34. 1, 2, 3 కలిసి 26. గణకులు ఈ సంఖ్యలను పలకమీద పుల్లలతో నిలువు వరుసలుగా పేర్చి, ఒక వరుసనుండి వేఱొక వరుసను తీసివేయుచు ఒక్కొక్క తెగను లోపింపజేసిరి. ధన ఋణములకు ఎఱ్ఱని, నల్లని పుల్లలు. ఉత్తమపు పన 9¼, మధ్యమము 4¼, అధమము 2¾. ఇందు అవ్యక్తముల పేర్లు ఎచ్చటను వ్రాయనక్కఱలేదు, స్థానమే పేరు. 1810 లో గౌస్ పండితుడు పల్లాస్ అను చిన్న గ్రహముయొక్క కక్ష్యను నిర్ణయించునపుడు ఆఱు అవ్యక్తముల సమీకరణములను ఇట్లే యొకదానివెంట నొకటి లోపింపజేసెను. నేటి గణనయంత్రములు వేలకొలది అవ్యక్తములకు చేయుచున్నదియు ఈ పట్టిక పనియే. పట్టిక కావలెనన్న ప్రతి సమీకరణమును తన పదములను ఒకే వరుసక్రమమున నిలుపుకొని రావలయును.

మన తెలుగు దేశమునకు ఈ కథలో దగ్గఱి చుట్టఱికము కలదు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమున, 850 ప్రాంతమున, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని పదునొకండవ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి దింపి, గణితశాస్త్రమునకు తెలుగున అక్షరాభ్యాసము చేసెను. మహావీరుని గ్రంథమున పండ్ల లెక్క యొకటి కలదు. 9 మాదీఫలములును 7 వెలగపండ్లును కలిసి 107. 7 మాదీఫలములును 9 వెలగపండ్లును కలిసి 101. విడివిడిగా వెలలు ఎంత? అంగడిలో సరకు కొనువాడు పలికిన మాటయే యిది, కాని అప్రయత్నముగా ప్రామాణిక రూపమునందే పలికినది: 9 యా + 7 కా = 107; 7 యా + 9 కా = 101. మొదటి అవ్యక్తమును రెండవదానికి అధీనముగా చేసి, యా = (107 − 7 కా)/9 అని భిన్నముతో బయలుదేఱువాడు గమ్యము చేరును గాని, దారిపొడవునను హారములను మోసికొనిపోవలయును. మహావీరుడు చెప్పిన విధి వేఱు: పెద్ద మొత్తమును పెద్ద సంఖ్యచే, చిన్న మొత్తమును చిన్న సంఖ్యచే గుణించి, మొదటినుండి రెండవదానిని తీసివేసి, పండ్ల సంఖ్యల వర్గముల భేదముచే భాగింపవలయును. 963 నుండి 707 పోగా 256. 81 నుండి 49 పోగా 32. భాగింపగా మాదీఫలము వెల 8. వేఱొక దారియు కలదు: రెండు వరుసలును ఒకదానిక్రింద ఒకటి తీర్చియున్నవి గనుక, వానిని అట్లే కలుపుటకును తీసివేయుటకును వీలు కలదు. కలుపగా పదాఱేసి పండ్లకు 208, అనగా ఒక్కొక్కటి కలిసి 13; తీసివేయగా రెండేసి పండ్ల వెలల తేడా 6, అనగా ఒక్కొక్కదానికి 3. ఏ దారిని పోయినను మాదీఫలము వెల 8, వెలగపండు వెల 5.